మిన్ నది పాయలు చీలే ఊరు

చైనాలోని చెంగ్దూ నగరం నుంచి వాయవ్యంగా సుమారు అరవై కిలోమీటర్లు వెళ్తే సిచువాన్ మైదానం ముగిసి కొండలు మొదలవుతాయి. మిన్ నది ఆ కొండలు దిగి వచ్చే చోటే దుజియాంగ్యాన్ పట్టణం ఉంది. 1988 దాకా దీని పేరు గ్వాన్‌షియెన్. తర్వాత ఇక్కడి ప్రాచీన నీటి కట్టడం పేరునే ఊరికి పెట్టుకున్నారు.

గోదావరి డెల్టాలో పుట్టిన నాకు ఆనకట్ట అంటే ధవళేశ్వరంలో లాగా నదికి అడ్డంగా కట్టినదే. ఇక్కడ అడ్డుకట్ట లేదు. క్రీ.పూ. 256 ప్రాంతంలో చిన్ రాజ్యాధికారి లీ బింగ్ ఏటి నడుమ చేప మూతిలా మొనదేలిన కట్ట వేయించి, ప్రవాహాన్ని రెండు పాయలుగా చీల్చాడు. వెడల్పైన బయటి పాయ వరదను మోసుకుపోతుంది. లోతైన లోపలి పాయ, కొండను తొలిచిన ఇరవై మీటర్ల గండిలోంచి పంట కాలువలకు చేరుతుంది. మందుగుండు లేని కాలం కనుక బండను మంటలతో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారట. లోపలి పాయలో నీరు మితిమీరితే, పక్కనున్న పొట్టి కట్ట మీదుగా ఇసుకతో, గులకరాళ్లతో సహా బయటి పాయలోకి పొర్లిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కట్టిన తీరు కాదు, కాపాడుకున్న తీరు. ఏటా చలికాలంలో మూడు కాళ్ల కొయ్య గుంజలు నిలిపి, వాటికి వెదురు తడికలూ మట్టీ చేర్చి ఒక పాయను ఆపేసి పూడిక తీసేవారు. అడుగున పాతిన ఇనుప కడ్డీలు కనబడేదాకా తవ్వాలి, అదే కొలత. ‘లోతుగా పూడిక తీయి, కట్ట తక్కువగా వేయి’ అనే అర్థంలో ఆరే చీనీ అక్షరాల సూత్రం ఒకటి ఉంది. మా ఊరి కాలువ కట్టేసిన వేసవుల్లో, నీళ్లు వదిలే తేదీ ముంచుకొచ్చాక గానీ పనివాళ్లు దిగేవారు కాదు. ఆ సూత్రం విన్నప్పుడు అదే గుర్తుకొచ్చింది. ఇప్పుడు కాంక్రీటు, గేట్లు వచ్చినా, ఏప్రిల్ తొలివారంలో ఛింగ్‌మింగ్ పండుగకు ఆ గుంజల తాళ్లు తెగ్గొట్టి నీళ్లు వదిలే వేడుక మాత్రం సాగుతోంది.

2008 మే 12 నాటి భూకంపం ఈ పట్టణాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. లీ బింగ్‌నూ అతని కొడుకునూ కొలిచే ఏటిగట్టు గుడిలోనూ చాలా భాగం కూలింది. చేప మూతి మాత్రం కొన్ని పగుళ్లతో బయటపడింది. ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల జాబితాలో ఈ నీటి కట్టడానికి 2018లో చోటు దక్కింది. అదే ఏడాది తెలంగాణలోని సదర్మాట్ ఆనకట్టకూ, కామారెడ్డి పెద్ద చెరువుకూ దక్కిందని ఇక్కడ ఎవరికి చెప్పను?

లోపలి పాయ ఊరి మధ్యలోంచే ఉరుకుతుంది. జూలై సాయంత్రాలు చెంగ్దూ ఉక్కపోత భరించలేనివాళ్లు దక్షిణ వంతెన దగ్గర నీటి పక్కన బల్లలు చూసుకుని కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను. మూత కప్పులో టీ ఆకు మీద వేడినీళ్లు పోసిన ఆవిడ ఏదో అడిగింది. హోరులో వినబడక మళ్లీ అడిగించుకున్నాను. నదిలోంచి లేచే చల్లగాలికి, నేను జవాబు చెప్పేలోపే టీ గోరువెచ్చనైపోయింది.