పటిక తూచేది ఎవరు?

నల్లగొండ ఒక ఊరి పేరని అరూషా నుంచి వచ్చిన మా అతిథికి హైదరాబాద్‌లో దిగాకే తెలిసింది. టాంజానియాలో తాగునీటి పథకాల్లో పనిచేసే ఆయన దృష్టిలో అది నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరీ’ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఆ పద్ధతి మన జిల్లా పేరుతోనే ఇథియోపియా, కెన్యా, టాంజానియాలకు చేరింది. ఆ పద్ధతి వాడిన ఊళ్లేవో చూద్దురుగాని పదండంటూ సాగర్ రోడ్డు పట్టించాను. బత్తాయి తోటలు చూసుకుంటూ మాల్ మీదుగా మర్రిగూడ మండలంలోకి వెళ్లాం.

అక్కడి ఒక ఊళ్లో, ఊరంతా సార్ అని పిలిచే రిటైర్డ్ టీచర్ పాత సరంజామా బయటికి తీశారు. బకెట్‌లో పట్టిన బోరు నీళ్లు చూపుకు తేటగానే ఉన్నాయి. సున్నం కలిపి, పటిక కరిగించిన నీళ్లు పోశారు. మొదట గబగబా, తర్వాత నిమ్మళంగా కలపాలట. కర్ర తిరుగుతుండగానే విరిగిన పాలలా తెల్లటి తునకలు కట్టాయి. గంటకు అవి అడుగుకు దిగాయి. ఫ్లోరైడ్ చాలావరకు ఆ మడ్డిలోనే పోతుంది.

వంచేటప్పుడు మడ్డి కదలడం చూసి అతిథి ఫోనులో ఫోటో చూపించారు. వాళ్లు అడుగు నుంచి మూడు వేళ్లెత్తున బకెట్‌కు కుళాయి బిగిస్తారు. ‘ఈ కిటుకు అప్పుడే తెలిస్తే ఎంత బాగుండేది!’ అన్నారు సార్.

‘రోజూ పటిక తూచేది ఎవరు?’ అని అతిథి అడిగారు.

సార్ నవ్వారు. ‘అక్కడే ఆగిపోయింది బాబూ. ఒక్కో బోరుకు ఒక్కో లెక్క. తక్కువేస్తే ఫలితం లేదు, ఎక్కువేస్తే నోట పెట్టలేం.’

మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఈ ఇంట్లో బకెట్ మూల చేరింది. మనం పక్కన పెట్టిన విద్యను మరొకరికి నేర్పేటప్పుడు ఎందుకు పక్కన పెట్టామో కూడా చెప్పాలి కదా! కృష్ణా నీళ్లు అరూషాకు రావు.

తమ దగ్గర ఆవు ఎముకలు కాల్చి, ఆ బొగ్గుతో నీళ్లు వడకడతారని అతిథి చెప్పారు. నేను ‘పశువుల ఎముకలు’ అని కాస్త మెత్తబరిచి తెలుగులో చెప్పాను. లాభం లేకపోయింది. ‘ఎముకల నీళ్లా!’ అంటూ సార్ భార్య టీ గ్లాసు కింద పెట్టేశారు. సార్ మాత్రం ఆ బొగ్గు ఎన్నాళ్లకు మార్చాలి, మార్చేది ఎవరు అని ఆరా తీయడం మొదలుపెట్టారు.