బంగారం అక్కడే ఎందుకు ఆగింది?

బంగారం తరచుగా దొరికే గాజులాంటి ఖనిజం క్వార్ట్జ్. దాని ముక్కను బాగా పల్చగా కోసి, రెండు వైపులా నునుపు చేసి మైక్రోస్కోప్ కింద పెడితే, అది పెరిగేటప్పుడు లోపల చిక్కుకుపోయిన చిన్న చిన్న నీటి గుళికలు కనిపిస్తాయి. వీటిని ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్లు అంటాం. నా పనంతా వీటితోనే. గుళికలో నీళ్లు, నీళ్లలో ఒక ఆవిరి బుడగ. కొన్నిటిలో ఉప్పు స్ఫటికం కూడా ఉంటుంది, అచ్చం ఘనాకారంలో. అది కనిపించిందంటే ఆ ద్రవంలో ఉప్పు 26 శాతం దాటిందన్నమాట. సముద్రపు నీటిలో ఉండేది 3.5 శాతమే.

ముక్కను మెల్లగా వేడి చేస్తూ పోతే బుడగ చిన్నదవుతూ, అటూ ఇటూ కదులుతూ, ఉన్నట్టుండి మాయమైపోతుంది. అది 280 డిగ్రీల దగ్గర జరిగితే, క్వార్ట్జ్ పెరిగేటప్పుడు నీళ్లు కనీసం అంత వేడిగా ఉన్నట్టే. ఎన్ని చూసినా ఆ క్షణంలో నాకు ఊపిరి ఆడదు.

మామూలు రాయిలో బంగారం టన్నుకు కొన్ని మిల్లీగ్రాములే. తవ్వితే గిట్టుబాటు కావాలంటే గ్రాముల్లో ఉండాలి. ఆ పోగుచేసే పని చాలా గనుల్లో, లోహాలను కరిగించి మోసుకొచ్చే భూగర్భపు వేడినీళ్లే చేశాయి. రాగి, సీసం, జింక్ ఎక్కువగా క్లోరైడుతో జతకట్టి కరుగుతాయి; బంగారానికి చాలాచోట్ల గంధకం తోడు.

బంగారం ఎక్కడి నుంచి వచ్చిందని అందరూ అడుగుతారు. అది ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న అని నేనంటాను. భూకంపానికి పగులు తెరుచుకుంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, నీళ్లు మరుగుతాయి. గంధకం ఆవిరితో పోతుంది. తోడు పోయిన బంగారం ఇక కరిగి ఉండలేదు. పక్క రాయిలో ఇనుము దండిగా ఉన్నా అంతే: గంధకాన్ని అది లాక్కుని పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజం అవుతుంది, బంగారం అక్కడే మిగిలిపోతుంది. రాగి, జింక్ లాంటివాటికి చల్లబడటమే చాలు. 1979లో తూర్పు పసిఫిక్ సముద్రగర్భంలో శాస్త్రవేత్తలు దీన్ని కళ్లారా చూశారు: 350 డిగ్రీలు దాటిన నీళ్లు చల్లటి సముద్రపు నీటిని తాకగానే లోహపు సల్ఫైడులు (లోహం, గంధకం కలిసిన పదార్థాలు) నల్లటి పొగలా విరజిమ్ముతున్నాయి.

అందుకే రాతి పగులులో నిండిన క్వార్ట్జ్ చార ఎంత మందం ఉందని నేను ముందు చూడను. ఒకే వరుసలో నీళ్లు నిండిన గుళికలూ, దాదాపు ఆవిరే ఉన్న గుళికలూ పక్కపక్కన ఉంటే నీళ్లు అక్కడ మరిగాయనడానికి అది గట్టి సాక్ష్యం. పల్చటి పలకల్లా పెరిగిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజమూ అదే చెబుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే, చార వేలెడు మందమే ఉన్నా సరే, పరీక్షకు పంపాల్సిందే.