జపాన్ అంజోలో డ్రైవింగ్ లైసెన్స్ మార్పించుకున్న నా అనుభవం

జపాన్‌లో ఉంటూ కారెందుకు, రైళ్లున్నాయిగా అని మనవాళ్లు అడుగుతుంటారు. టోక్యో అయితే నిజమే. మేముండేది ఐచి ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) అంజో అనే ఊళ్లో. ఇక్కడ షింకాన్‌సెన్ బుల్లెట్ ట్రైన్ ఆగుతుంది, అదీ అన్ని స్టేషన్లలో ఆగే కొదమా ఒక్కటే. స్టేషన్ దాటి కాస్త వెళ్తే వరి చేలు, చేల మధ్యలోనే ఫ్యాక్టరీలు. 1880లో యహాగి నది నుంచి మెయిజి కాలువ వచ్చేదాకా ఇదంతా నీళ్లు లేని మెట్ట నేలంట, ఆ తర్వాత వరి, కోళ్లు, పళ్ల తోటలు అన్నీ కలిపి పెంచి, వ్యవసాయానికి పేరున్న డెన్మార్క్‌తో పోల్చి జపాన్ డెన్మార్క్ అనిపించుకుంది. ఇప్పుడు డ్రిల్లింగ్ మెషీన్ల లాంటి పవర్ టూల్స్ చేసే మకీతా కంపెనీ హెడ్డాఫీసు ఇక్కడే, చుట్టూ కార్ల విడిభాగాలు చేసే కంపెనీలు. గోదావరి కాలువల కింద పెరిగినోణ్ణి కదా, ఈ ఊరు నాకు వెంటనే నచ్చేసింది. కానీ నైట్ షిఫ్ట్‌కి వెళ్లాలన్నా, రాత్రిపూట పిల్లాడికి జ్వరమొచ్చినా కారు ఉండాల్సిందే.

ఇంటర్నేషనల్ పర్మిట్ జపాన్‌లో దిగిన రోజు నుంచి ఏడాదే నడుస్తుంది, మధ్యలో ఇండియా వెళ్లి మూడు నెలల్లోపే తిరిగొచ్చేస్తే ఆ లెక్క మళ్లీ మొదలవదు. అందుకే ఇండియా లైసెన్స్‌ని జపాన్ లైసెన్స్‌గా మార్పించుకోక తప్పదు. మన లైసెన్స్‌కి జాఫ్ (జపాన్ ఆటోమొబైల్ ఫెడరేషన్) వాళ్ల దగ్గర జపనీస్ అనువాదం తీసుకున్నా, సిటీ ఆఫీసులో జూమిన్‌హ్యో అనే నివాస ధ్రువపత్రం తీసుకున్నా, రైళ్లు మారుకుంటూ నగోయాలో హిరబరి డ్రైవింగ్ లైసెన్స్ సెంటర్‌కి వెళ్లా. అక్కడ అసలు పట్టింపంతా ఒక్కటే, లైసెన్స్ వచ్చాక ఇండియాలో కనీసం మూడు నెలలు ఉన్నట్టు రుజువు కావాలి. పాస్‌పోర్ట్ స్టాంపులు ఒక్కొక్కటీ చూస్తారు, ఇండియాలో టెస్ట్ ఎలా పెట్టారు, బండి ఎక్కడ నేర్చుకున్నావు అని కూడా అడుగుతారు.

కళ్ల పరీక్షలో సి ఆకారంలో ఉన్న రింగు చూపించి తెరుచుకున్న వైపు ఎటుందో చెప్పమంటారు. రాత పరీక్ష ఇదివరకు 10 ప్రశ్నలే, 2025 అక్టోబర్ నుంచి 50 అయ్యాయి, 45 కరెక్ట్ కావాలి, కూర్చుని చదవాల్సిందే.

కష్టమంతా డ్రైవింగ్ టెస్టే. మనలాగే ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగ్ కుడి పక్కనే, అయినా సరే. ఎక్కేముందు కారు ముందూ వెనకా చూడాలి. మలుపుకి 30 మీటర్ల ముందే ఇండికేటర్ వెయ్యాలి. ఎడమకి తిరిగేటప్పుడు కారుని ముందే ఎడమ అంచుకి జరపాలి, ఆ సందులోకి సైకిలో స్కూటరో దూరకుండా, ఆ తర్వాత భుజం మీదుగా తల తిప్పి చూడాలి. అద్దంలో చూశాలే అంటే ఒప్పుకోరు, పక్కన కూర్చున్న ఆఫీసర్‌కి మన తల తిరగడం కనపడాలి. ఆగమన్న గీత దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి. క్రాంక్ అనే ఇరుకు మలుపులో పక్కన నిలబెట్టిన కర్ర గట్టిగా తగిలిందా, టెస్ట్ అక్కడితో సరి. 100 మార్కుల నుంచి తప్పుకి ఇంతని తగ్గించుకుంటూ వస్తారు, 70 మిగిలితే పాస్. నేను ముందే డబ్బులు కట్టి ప్రాక్టీస్ క్లాసులకెళ్లా, ఖర్చెక్కువే గానీ ప్రతి పైసాకీ ఫలితం దక్కింది.

ఈ తల తిప్పి చూడటం ఊరికే పెట్టిన చాదస్తం కాదని అంజో రోడ్ల మీదే తెలిసింది. కాలువ చాలా చోట్ల భూమి కిందికి పోయింది, దాని మీద సైకిల్ బాట, స్కూల్ పిల్లలు, ముసలాళ్లు అంతా అందులోంచే రోడ్డు దాటతారు. అక్కడ ఎడమకి తిరుగుతుంటే తల దానంతటదే భుజం వైపు తిరుగుతోంది.

ఇటు వచ్చే ఆలోచన ఉన్నవాళ్లు పాత పాస్‌పోర్ట్‌లు పారేయకండి, స్టాంపులన్నీ వాటిలోనే ఉంటాయి. లైసెన్స్ మీద మొదట ఇచ్చిన తేదీ లేకపోతే ఇండియాలో ఉండగానే ఆర్టీవో ఆఫీసులో ఒక లెటర్ రాయించుకోండి, ఇక్కడికొచ్చాక అది తెప్పించుకోవడం చాలా పెద్ద పని.