ఓజే 287తో రెండో సీజన్: 47 రాత్రులు, 47 చుక్కలు

నిన్న టెలిస్కోపు కిందికి దించేశాను. కర్కాటక రాశి పడమటి మసకలోకి జారిపోయింది, రుతుపవన మేఘాలూ వచ్చేశాయి. నవంబరు చివరి నుంచి మే నెలాఖరు దాకా అనంతపురం శివార్లలోని మా మేడ మీద 58 రాత్రులు ఓజే 287 అనే దూరపు గెలాక్సీ వెలుగును కొలిచాను. అనుమానం ఉన్నవన్నీ తీసేస్తే 47 మిగిలాయి. గ్రాఫు మీద రాత్రికి ఒక్క చుక్క.

ఓజే 287 సుమారు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బ్లేజర్ రకం గెలాక్సీ. దాని నడుమనున్న కృష్ణబిలం నుంచి దూసుకొచ్చే కణాల ధార, అంటే జెట్, దాదాపు సూటిగా మన వైపే తిరిగి ఉంది. అందుకే దాని వెలుగు రోజుల్లోనూ మారుతుంది, దశాబ్దాల్లోనూ మారుతుంది. ఫొటోలో మాత్రం 15వ మాగ్నిట్యూడ్‌కు కాస్త అటూ ఇటూగా, మామూలు నక్షత్రంలాగే ఉంటుంది (మాగ్నిట్యూడ్ వెలుగుకు కొలమానం, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). పుష్యమి నుంచి మూడు డిగ్రీలు ఈశాన్యంగా వెతకాలి. పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో సూర్యుడు దాని పక్కకే వస్తాడు కాబట్టి ఏటా ఆ రోజుల్లో కాంతి గ్రాఫులో ఖాళీ తప్పదు. చంద్రుడు కూడా నెలకోసారి దగ్గరగా వెళ్తాడు. ఆ రెండు మూడు రాత్రులు నేను వదిలేస్తాను.

పరికరాలు పోయినసారివే: 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దం టెలిస్కోపు), నలుపు తెలుపు సీమాస్ కెమెరా, వి (ఆకుపచ్చ), ఆర్ (ఎరుపు) ఫిల్టర్లు. సెన్సరును సున్నాకు 10 డిగ్రీలు దిగువన ఉంచి, ఒక్కో ఫిల్టరుతో నిమిషం చొప్పున పది ఫొటోలు తీస్తాను. ఆ పదింటినీ కలిపి, అదే ఫొటోలో ఉన్న, వెలుగు ముందే తెలిసిన పోలిక నక్షత్రంతో ఓజే 287ను పోలుస్తాను. ఇంకో నక్షత్రాన్ని తనిఖీకి పెట్టుకుంటాను. దాని వెలుగు మారకూడదు. మారిందంటే తప్పు నా దగ్గరే ఉంది. నిరుడు ఈ తనిఖీ నక్షత్రం 0.06 మాగ్నిట్యూడ్ దాకా ఊగింది. ఈసారి 0.02కి వచ్చింది. ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే సంతోషాన్నిచ్చిన అంకె ఇదే.

అక్కడిదాకా రావడానికి జనవరి నెలంతా పట్టింది. మా ఊరి అక్షాంశంలో ఓజే 287 దాదాపు నడినెత్తిన దాటుతుంది. దాటగానే మౌంటు, అంటే టెలిస్కోపును మోసి తిప్పే పీఠం, గొట్టాన్ని అవతలి వైపుకు తిప్పుతుంది, ఫొటో తలకిందులవుతుంది. ఒక రాత్రి ఆ తిప్పు తర్వాత ఓజే 287 వెలుగు ఉన్నట్టుండి 0.08 మాగ్నిట్యూడ్ పెరిగింది. ఈ బ్లేజర్ ఒకే రాత్రిలో మారడం కొత్తేమీ కాదు కాబట్టి మొదట నమ్మాను, తెల్లవారుజాము దాకా కొలుస్తూనే ఉన్నాను. పొద్దున్న చూస్తే తనిఖీ నక్షత్రం కూడా సరిగ్గా అంతే పెరిగి ఉంది. అంటే ఆ రెండూ పెరగలేదు, పోలిక నక్షత్రమే తగ్గింది. ఫొటోను కాంట్రాస్టు పెంచి చూస్తే, ఫిల్టరు మీది దుమ్ము రేణువు నీడ గారె ఆకారంలో కనిపించింది. తిప్పు తర్వాత పోలిక నక్షత్రం సరిగ్గా ఆ వలయం మీదికి వచ్చి కూర్చుంది. ఫిల్టర్లు తుడిచాక కూడా పాత ఫ్లాట్ ఫ్రేములే (దుమ్ము నీడలను సరిదిద్దడానికి సమమైన వెలుతురులో తీసే ఫొటోలు) వాడాను, అదే పొరపాటు. అప్పటినుంచి గొట్టం మూతికి తెల్ల బట్ట బిగించి, ఎల్‌ఈడీ పలక వెలుతురులో ఏ రాత్రి ఫ్లాట్లు ఆ రాత్రే తీస్తున్నాను. ఐదు నిమిషాల పని.

సమయం గురించి ఒక మాట. జూలియన్ రోజు, అంటే ఖగోళంలో వాడే వరుస రోజు సంఖ్య, అంతర్జాతీయ సమయం ప్రకారం మధ్యాహ్నం 12కి మారుతుంది, అంటే మనకు సాయంత్రం 5:30కి. మన రాత్రి మొత్తం ఒకే రోజు సంఖ్య కిందికి వస్తుంది. తేదీల గజిబిజి లేకుండా పట్టిక రాసుకోవడానికి ఇంతకంటే వీలు ఉండదు.

రేడియో వైపు పాత డీటీహెచ్ డిష్‌తో ప్రయత్నించాను. సూర్యుడు చక్కగా దొరికాడు. కానీ సూర్యుడి రేడియో తీవ్రత లక్షల జాన్‌స్కీలు (రేడియో తీవ్రతకు కొలమానం), ఓజే 287ది కొన్ని జాన్‌స్కీలు మాత్రమే. అందుకని కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీ 40 మీటర్ల డిష్ 2008 నుంచి 15 గిగాహెర్ట్జ్ దగ్గర సేకరించిన కొలతల కింద నా చుక్కలు పెట్టి చూస్తున్నాను. రేడియోకు పగలు పెద్ద అడ్డు కాదు, మనకు ఖాళీ ఉన్న చోట కూడా అక్కడ గీత సాగుతుంది. జెట్ మొదట్లో రేడియో తరంగాలను తానే మింగేస్తుంది. అలజడి ముందుకు కదిలి వ్యాపించాకే అవి బయటికి రాగలవు. అందుకే చాలాసార్లు కాంతిలో ముందు కనిపించిన పెరుగుదల రేడియోలో వారాల, నెలల తర్వాత కనిపిస్తుంది. ఆ ఎడం కొలవాలంటే ఒక సీజన్ చాలదు.

19వ శతాబ్దం చివరి నాటి ఫొటో పలకల్లో కూడా ఈ బ్లేజర్ ఉంది. దాదాపు 12 ఏళ్లకోసారి విజృంభిస్తుందని ఫిన్లాండ్ శాస్త్రవేత్త సిలన్‌పా బృందం 1988లో చెప్పింది, రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని ప్రతిపాదించింది. 2022 అక్టోబరులో వస్తుందన్న విజృంభణ కనిపించలేదు. పెద్ద కృష్ణబిలం బరువులో 1,800 కోట్ల సూర్యులంతదా, 10 కోట్ల సూర్యులంతదా అన్నది ఇంకా తేలలేదు. నేను కొలుస్తున్నది ఇంకా వాదన నడుస్తున్న వస్తువును. అందుకే అనుమానం ఉన్న 11 రాత్రులను తీసేయడానికి ఒక్కసారి కూడా వెనకాడలేదు.

ఈ వానాకాలంలో అద్దం కడగాలి, కెమెరాలో తేమ పీల్చే గుళికలు మార్చాలి, బి (నీలం) ఫిల్టరు కొనాలి. సెప్టెంబరు చివర తెల్లవారుజామున తూర్పున కాస్త పైకి రాగానే మొదటి పది ఫొటోలు తీస్తాను.