ఈథర్నెట్ 8 ఎక్కడిది?

మే నెలాఖర్లో ఒక సాయంత్రం తెనాలిలో గాలివాన కొట్టింది. దగ్గర్లోనే ఎక్కడో పిడుగు పడింది. మర్నాడు మా బావ పురుగుమందుల కొట్టు తెరిచేసరికి రౌటర్ మాడిపోయి ఉంది. బిల్లింగ్ కంప్యూటర్ ఆన్ అయింది కానీ మదర్‌బోర్డు మీదున్న లాన్ పోర్టు, అంటే నెట్ కేబుల్ గుచ్చే చోటు, పోయింది. కేబుల్ పెడితే లైటు కూడా వెలగదు. మదర్‌బోర్డు మార్చాలంటే వేలల్లో మాట కాబట్టి ఒక గిగాబిట్ లాన్ కార్డు కొని ఖాళీ స్లాటులో గుచ్చాను. చచ్చిన పోర్టు మధ్యలో అడ్డురాకుండా బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరిచే సెట్టింగుల్లో) డిజేబుల్ చేసేశాను. అరగంట పని అనుకుని వెళ్లినవాణ్ణి, చీకటి పడ్డాక బయటపడ్డాను.

రెండో కౌంటర్లోని కంప్యూటర్ ఈ బిల్లింగ్ కంప్యూటర్ దగ్గరికి 192.168.1.10 అనే ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఇచ్చే నంబరు) అడ్రసు కోసమే వెతుక్కుంటూ వస్తుంది. కొత్త కార్డుకి ఆ అంకెలు కొట్టి ఓకే నొక్కగానే విండోస్ అడ్డం పడింది: ఈ ఐపీ ఇప్పటికే ఇంకో అడాప్టర్‌కి (నెట్ కార్డుకి) ఇచ్చి ఉంది, ఆ అడాప్టర్ ఇప్పుడు కంప్యూటర్‌లో లేదు, దాని సెట్టింగు తీసేయమంటారా అని. అవతల రైతులు నిలబడి ఉన్నారు, బావ "అయిందా?" అని మూడోసారి అడుగుతున్నాడు. చదివీ చదవకుండా నో కొట్టేశాను. ఎస్ కొట్టి ఉంటే ఆ సంగతి వరకు అక్కడే తేలిపోయేది. సరే, నెట్ అయితే వచ్చింది.

అసలు తలనొప్పి మధ్యాహ్నం మొదలైంది. బావకి రెండు నెట్ కనెక్షన్లు. ఒకటి ఆగిపోతే రెండోదానికి మారడానికి డెస్క్‌టాప్ మీద రెండు బ్యాచ్ ఫైళ్లు (నొక్కితే లోపల రాసిన ఆదేశాలు వరసగా నడిపేవి) పెట్టి ఇచ్చాను, ఎప్పుడో నాలుగేళ్ల కింద. వాటిలో ఒకదాన్ని డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీలో ఫైల్ పేరు, డైరెక్టరీ పేరు లేదా వాల్యూమ్ లేబుల్ తప్పు అని వచ్చింది. ఐపీ మార్చమంటే ఫైల్ పేరు తప్పంటుందేమిటి? కాసేపు పిచ్చెక్కింది. చివరికి తట్టింది: ఫైల్లో రాసిన కనెక్షన్ పేరు 'ఈథర్నెట్'. ఆ పేరుతో కనెక్షన్ దొరక్కపోతే, ఆ ఫైల్ వాడే విండోస్ నెట్‌వర్క్ ఆదేశం నెట్‌షెల్ ఇలాగే పొంతనలేని జవాబు చెబుతుంది. నెట్‌వర్క్ కనెక్షన్లలో చూస్తే కొత్త కార్డు పేరు 'ఈథర్నెట్ 8'.

ఎనిమిదా? కొట్టు మొత్తానికి ఉన్నది ఒక్క పోర్టు!

పేరు మార్చబోతే ఆ పేరుతో కనెక్షన్ ఇప్పటికే ఉందంటుంది. కళ్లెదుట మాత్రం లేదు. బ్యాచ్ ఫైల్లో పక్కన 8 చేరిస్తే నిమిషంలో పని అయిపోయేదని నాకూ తెలుసు. కానీ మిగతా ఏడుగురు ఎవరో చూడకుండా లేవబుద్ధి కాలేదు.

కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ టిక్ పెట్టాను. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద జాబితా బారెడు పెరిగింది. వెలిసిపోయిన బొమ్మలతో సరిగ్గా ఏడు. ఒకటి పిడుగుకి పోయిన పాత రియల్‌టెక్ (చిప్పు కంపెనీ పేరు) పోర్టు. ఒకటి ఎప్పుడో అరువు తెచ్చి రెండ్రోజులు వాడిన యూఎస్‌బీ లాన్. మిగతా ఐదూ రిమోట్ ఎన్‌డిస్ ఇంటర్నెట్ షేరింగ్ డివైస్‌లు, అంటే కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడల్లా యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించిన ఫోన్లు. బావది, అక్కది, మేనకోడలిది, గుమాస్తా మార్చిన రెండు ఫోన్లు. కొత్త ఫోను వచ్చిన ప్రతిసారీ విండోస్ ఒక కొత్త అడాప్టర్‌గా ఖాతాలో రాసుకుంది. ఊడదీసినా కొట్టేయలేదు. పేరు, ఐపీ అన్నీ అలాగే అట్టేపెట్టింది, మళ్లీ వస్తుందేమోనని.

వ్యాన్ మినీపోర్ట్ అని మొదలయ్యేవి కూడా వరసగా ఉంటాయి అక్కడ. వాటి బొమ్మలు వెలిసిపోలేదు, అవి విండోస్ సొంతం. వాటి జోలికి పోకూడదు. అనుమానం ఉన్నదాని ప్రాపర్టీస్ తెరిస్తే, ఈ పరికరం ప్రస్తుతం కంప్యూటర్‌కి కనెక్ట్ అయిలేదు, కోడ్ 45 అని ఉంటుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో లాస్ట్ రిమూవల్ డేట్ కూడా దొరుకుతుంది. యూఎస్‌బీ లాన్‌ది చూస్తే మూడేళ్ల కిందటి తేదీ. ముందు జాగ్రత్తకి జాబితా మొత్తం ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

తర్వాత ఒక్కొక్కదాని మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్. పాత రియల్‌టెక్ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తీసేయాలా అని ఒక గడి వస్తుంది. కొత్త కార్డులో ఉన్నదీ రియల్‌టెక్ చిప్పే, వాడేదీ అదే డ్రైవర్. అందుకే కొత్త కార్డు పేరు చివర #2 అని తోక ఉంది. ఆ గడిలో టిక్ పెట్టకుండా తీసేశాను.

"ఏరా, పిల్లల ఫోన్లు మళ్లీ పెడితే పని చేస్తాయా?" అన్నాడు బావ.

"చేస్తాయి బావా. మళ్లీ కొత్తగా పేరు రాసుకుంటుంది, అంతే."

ఒకసారి రీస్టార్ట్ చేసి, ఈథర్నెట్ 8ని ఈథర్నెట్‌గా మార్చాను. ఈసారి కిమ్మనలేదు. బ్యాచ్ ఫైల్ నొక్కితే నల్ల కిటికీ మెరిసి మాయమైంది, గేట్‌వే (నెట్‌కి బయటికి వెళ్లే దారి) మారింది. డివైస్ మేనేజర్‌లో #2 తోక మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. కార్డుని కూడా అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ స్కాన్ చేయిస్తే పోవచ్చు, కానీ ఐపీ మళ్లీ మొదట్నుంచి కొట్టుకోవాలి. అప్పటికి బావ షట్టర్ సగం దించేశాడు.