‘ఆ’ అనండి

మన డెంటల్ కాలేజీ రీయూనియన్ సావనీర్‌కి రెండు పేజీలు రాసిమ్మని కమిటీ అడిగింది. “క్లాసు పాఠాలు తప్ప ఏదైనా రాయి” అని పదహారు (మనకి పేర్లకన్నా రోల్ నంబర్లే గుర్తు కదా) వాట్సాప్‌లో షరతు కూడా పెట్టాడు. హాస్టల్ మెస్ గురించి ఇప్పటికే నలుగురు రాసేశారట. గులాబీ బకెట్ సంగతి రాస్తే ముప్పై రెండు నన్ను బతకనివ్వదు. కాబట్టి పాఠమే రాస్తున్నాను, పదహారు క్షమించాలి.

మొదటి రెండేళ్లు నాకు నిజంగా గుర్తు లేవు. మైనం, ప్లాస్టరు, మళ్లీ మైనం. నాకు కాలేజీ మొదలైంది కట్టుడు పళ్ల సెట్లు నేర్పిన కాపీయింగ్ పెన్సిల్ సార్ పోస్టింగుతోనే. నోటి అచ్చు తీసే ఇంప్రెషన్ ట్రేలు సర్దుకుని వరసగా నిలబడ్డ మనల్ని చూసి ఆయన అన్న మొదటి మాట “టార్చి ఏదీ?”

ఆ రోజు కుర్చీలో కూర్చున్న మామ్మ అడ్డపొగ అలవాటున్న మనిషి. నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట తాగే నోట్లో అంగిలి ఎలా ఉంటుందో పుస్తకంలోని నలుపు తెలుపు బొమ్మలో ఏం తెలుస్తుంది? తెల్లబారి మందమెక్కిన పొర, మధ్యమధ్య లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా. ఎర్ర మచ్చ గానీ మానని పుండు గానీ కనపడితే ట్రే పక్కన పెట్టి, ముందు నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్‌కి పంపాలి. అక్కడ బయాప్సీ తేలేదాకా సెట్టు మాట ఎత్తకూడదు. మామ్మ అంగిలి తెల్లగా ఉంది గానీ పుండు లేదు. అయినా చీటీ రాసి పంపి, వాళ్లు సరేనన్నాకే సార్ అద్దం పట్టుకున్నారు.

తర్వాతి గంటసేపు ఆయన పై సెట్టు వెనక అంచు ఎక్కడ ఆగాలన్న ఒక్క సంగతి మీదే నిలబడ్డారు. టి-బర్నిషర్ అనే పనిముట్టుతో పై దవడ చివరి ఉబ్బు వెనక తడుముతూ పోతే మొన ఒకచోట దిగబడుతుంది. అది హామ్యులర్ నాచ్. రెండు వైపులా అక్కడ, తడికి రంగు తేలే ఆ కాపీయింగ్ పెన్సిల్‌తో చుక్క పెట్టారు. “ముక్కు మూసుకుని ముక్కులోంచే గాలి వదలడానికి చూడు మామ్మా” అనగానే మెత్తటి అంగిలి కిందికి వంగింది. ఆ వంపు మొదలైన చోట ముందు గీత. “ఇప్పుడు మామూలుగా ‘ఆ’ అను” అన్నారు. కదలిక కనిపించిన చోట వెనక గీత. మామ్మ సంగీతం మేష్టారి ముందు కూర్చున్నట్టు రాగం తీసింది. తొమ్మిది నవ్వాడు, బయటికి పోయాడు. మిగతా కథ మీకు తెలుసు.

ఆ రెండు గీతల మధ్య జాగా సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. కాస్ట్ మీద, అంటే అచ్చులో పోసిన ప్లాస్టరు నమూనా మీద, దాన్ని గీకేటప్పుడు అంతా ఒకే లోతు గీకేసినవాళ్లం మనమే. నడిమి గీతకి అటూ ఇటూ, కణజాలం బాగా నొక్కుకునే చోట 1 నుంచి 1.5 మి.మీ. లోతు. నడిమధ్య అర మిల్లీమీటరు చాలు, కింద ఎముక ఉంది. నాచ్‌ల దగ్గర కూడా పల్చగానే. ముందు గీతవైపు వచ్చేసరికి సున్నాకి కలిసిపోవాలి. అంగిలి చివర కనిపించే రెండు చిన్న గుంటలు దారి చూపిస్తాయంతే, వాటినే గీతగా పట్టుకుంటే తప్పుతాం.

ఎందుకీ గీకుడు? సెట్టు చేసే యాక్రిలిక్ ప్లాస్టిక్ వేడికి గట్టిపడుతూ ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు సెట్టు అంగిలి నడుమ కాస్ట్‌ని వదిలి పైకి లేస్తుంది, వెనక అంచున సందు పడుతుంది. గీకి వదిలిన ఆ కాస్త మందమే సందుని పూడ్చి గాలిని ఆపుతుంది. గీకుడు తక్కువైతే మాట్లాడుతుండగానే పై సెట్టు జారుతుంది. ఎక్కువైతే అంగిలి నొక్కుకుని, అది తిరిగి తోసేస్తుంది. అప్పుడూ జారుడే, పైగా పుండు. అంచు వెనక్కి మరీ పొడుగైతే మింగినప్పుడల్లా నొప్పి, డోకు.

కింది దవడకి వచ్చేసరికి సార్ గొంతు తగ్గేది. పై సెట్టు ఆనడానికి సుమారు 23 చదరపు సెంటీమీటర్ల చోటుంటే కింద 12 మాత్రమే. పరిశోధకురాలు టాల్‌గ్రెన్ 1972లో చూపించింది ఇది: పళ్లు పోయాక మిగిలిన ఎముక గట్టు ఏళ్లు గడిచేకొద్దీ కింద పైదానికి నాలుగింతలు అరుగుతుంది. అరిగిన గట్టు కత్తిలా మిగిలితే దాని మీద బరువు మోపడం దండగ. బరువుకి పనికొచ్చేది బకల్ షెల్ఫ్. గట్టుకీ బయటి వాలు గీతకీ మధ్య, బుగ్గవైపు ఉండే చదును అది. గట్టి ఎముక, నమిలే ఒత్తిడికి అడ్డంగా ఉంటుంది. దాని మీద బుగ్గ కండరం బక్సినేటర్ అతుక్కుని ఉన్నా దాని పోగులు సెట్టు అంచు వెంబడే పడుకుని ఉంటాయి కనక ఎత్తెయ్యవు. మనమేమో ‘కండరం ఉంది కదా’ అని అంచుని కురచ చేసి, ఉన్న ఒక్క చదునునీ వదిలేసేవాళ్లం.

గట్టు వెనక చివర పియర్ పండు ఆకారపు మెత్తటి దిండు, దాన్నే ప్యాడ్ అంటాం. దాని కిందికి కణత కండరం టెంపొరాలిస్ స్నాయువు, బక్సినేటర్ పోగులు వచ్చి చేరతాయి. అందుకే గట్టు అంతా కరిగినా అది పెద్దగా కదలదు. కింది పళ్ల వరస ఎత్తు దాని మూడింట రెండొంతులకి మించకూడదన్న లెక్క అక్కడిదే. ప్యాడ్ ముందు వాలు మీద పన్ను అమర్చితే నమిలినప్పుడల్లా సెట్టు ముందుకి జారుతుంది. ముప్పై రెండు అమర్చింది. సార్ ఏమీ అనలేదు, మైనం మీద మంచు మీద జారే చిన్న స్లెడ్జి బండి బొమ్మ గీశారు.

నాలుకవైపు అంచు మాత్రం నేను ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా అర్థం చేసుకోలేదు. నాలుక కింది కండరం మైలోహయాయిడ్ వెనక దంతాల దగ్గర ఎత్తులో అతుక్కుని, ముందుకొచ్చేకొద్దీ దిగిపోతుంది. అంచు దాని కిందికి దూరకూడదు, నాలుకవైపు వాలాలి. ఆ కండరం దాటాక మళ్లీ దవడవైపు తిరగాలి. పైనుంచి చూస్తే పాములాంటి వంపు. ట్రే అంచుని సల్కస్‌కి, అంటే గట్టు పక్క లోయకి, 2 మి.మీ. కురచగా కోసి, వేడికి మెత్తబడే అచ్చు కడ్డీ గ్రీన్ స్టిక్‌ని ముక్క ముక్కగా మెత్తబెట్టి పెడుతూ నాలుక ఆడించమనడం అందుకే. ఒకేసారి మొత్తం చుట్టేసి తొందరపడ్డవాళ్ల వేళ్ల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి (ఫొటో కమిటీకి పంపాను).

సెట్టు లేచిపోతోందని వస్తే సార్ నాలుగు ప్రశ్నలు అడిగేవారు. నాలుక బయటికి చాపితే కింది సెట్టు లేస్తోందా? నాలుకవైపు అంచు పొడుగు. గట్టిగా కరిస్తే వెనక మూల నొస్తోందా? నమిలే కండరం మాసెటర్‌కి చోటివ్వలేదు. నోరు తెరిచి దవడ పక్కకి జరిపితే పైది పడుతోందా? బుగ్గవైపు అంచు మందమై కింది దవడ ఎముక పైకొన కొరొనాయిడ్‌కి తగులుతోంది. ఆవలిస్తే పడుతోందా? నాచ్ వెనకకి పోయాం. పౌడరు పూత వేసి తగిలినచోట మాత్రమే అరగదీయమనేవారు. చేతికి తోచినట్టు అరగదీసే మొన, అదే బర్ర్, తిప్పితే బర్ర్ లాక్కునేవారు.

సెట్టుతో ముఖం ఎంత ఎత్తుండాలో చూడడానికి పుస్తకంలో ‘ఎమ్మా’ అనిపించమని ఉంటే, ఆయన ముక్కు కొస, గడ్డం మీద చుక్కలు పెట్టి “అమ్మా అనండి” అనేవారు. పెదాలు కలిసి దవడ ఊరటగా నిలిచిన ఆ ఎత్తులో 2 నుంచి 4 మి.మీ. తగ్గించాలి. తర్వాత “సరస్వతి” అనిపించి వినేవారు. పళ్లు టకటకమంటే ఎత్తు ఎక్కువైనట్టే.

నాది చిన్న ఊరే, రెండు కుర్చీలు. మీలో సగంమంది ఎముకలోకి బిగించే ఇంప్లాంట్లలో మునిగి తేలుతున్నారు. 2002లో మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు కూర్చుని పళ్లులేని కింది దవడకి రెండు ఇంప్లాంట్లతో సెట్టే మొదటి ఎంపిక అన్నారు కదా, నేనూ పెడుతున్నాను. పెట్టినా షెల్ఫ్ మీద అంచు ఆనకపోతే ఆ సెట్టూ వెనక ఊగుతుంది. టొరంటో నుంచి తొమ్మిది ఇప్పటికీ ఎక్స్‌రేలు పంపి సలహా అడుగుతాడు. కాస్ట్ ఫొటో పంపరా, నాలుకవైపు నుంచి తీసి పంపు అంటాను. మా ఊరి సంతలో నా చేతి సెట్లతో జొన్నరొట్టె నమిలేవాళ్లు కొందరు కనిపిస్తారు, నన్ను చూసి పనిగట్టుకుని ఇంకో ముక్క తుంచుతారు.

రీయూనియన్‌కి వస్తున్నాను. పదహారు, కాస్ట్ గీకే నీ కింగ్స్‌లీ స్క్రేపర్ నా దగ్గరే ఉంది, తెస్తాను. కాపీయింగ్ పెన్సిల్ మాత్రం ఇవ్వను.