మమాద్‌లో మేస్త్రీ సంచి

నేను పనిచేసే ఊరు ఇజ్రాయెల్‌లోని క్ఫార్ సబా. హీబ్రూలో ఆ అక్షరాలు చదివితే తాతగారి పల్లె అని అర్థం వస్తుంది. నేను చూసుకునే పెద్దాయనను కూడా సబా అనే పిలుస్తాను. ఎనభై ఆరేళ్ల మనిషి, ఒకప్పుడు ఇళ్లు కట్టించిన కాంట్రాక్టరు. ముసలివాళ్లకు స్నానాలు చేయించే ఈ పనిలోకి రాకముందు నేనూ దుబాయిలో ఎనిమిదేళ్లు తాపీ పట్టినవాడినే. అందుకే మాకు కుదిరింది. మందుల గురించి కంటే గోడల పగుళ్ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం.

ఏడో అంతస్తు వెనుక బాల్కనీలో నిలబడితే తూర్పున ఖల్ఖీలియా మినార్లు కనిపిస్తాయి. అది వెస్ట్ బ్యాంకులోని పాలస్తీనా పట్టణం. మా జగిత్యాల వైపు అయితే సైకిలు మీద వెళ్లి సంత చేసుకొచ్చేంత దూరం. మధ్యలో ఆరో నంబరు హైవే, దాని పక్కనే కాంక్రీటు గోడ. గోడ లేని రోజుల్లో శనివారం వస్తే ఇక్కడివాళ్లంతా అక్కడికే వెళ్లేవారట. కూరగాయలు, ఫర్నిచరు, కారు రిపేరు, చివరికి పంటి వైద్యం కూడా అక్కడే చవక. 2000లో రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, మొదలయ్యాక ఆ రాకపోకలు పోయాయి, ఆ తర్వాత గోడ లేచింది.

2023 సెప్టెంబరులో సబాకు స్నానాల గదిలో కాలు జారింది. గది మార్చాల్సిందేనని ఆయన కూతురు పట్టుబట్టింది. బాత్‌టబ్ పీకేసి, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్లేలా నేల చదును చేసి, గోడకు పట్టుకునే కడ్డీలు బిగించాలి. ఆ పనికి సబా పిలిచింది పాతికేళ్లుగా తెలిసిన టైల్స్ మేస్త్రీని. ఖల్ఖీలియా పక్క పల్లెటూరాయన. ఆయన పెళ్లికి సబా వెళ్లి వచ్చాడు, ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో ఉంది. ఇజ్రాయెలీలు పాలస్తీనా పట్టణాల్లోకి వెళ్లకూడదని సైన్యం ఆంక్ష పెట్టిన తర్వాత సబా అటు వైపు మళ్లీ పోలేదు.

ఆ మేస్త్రీ తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు. ఎయాల్ చెక్‌పోస్టు దగ్గర క్యూలో నిలబడాలి కదా. నాలుగు గంటలకు వేల మంది ఉండేవారు, ఇనుప కటకటాల సందులో ఒకరి వీపు మీద ఒకరు. ఇంటి నుంచి చూస్తే కనిపించే ఊరికి చేరడానికి మూడు గంటలు. చేతిలో ఉండాల్సిన కాగితం పేరు తస్రీహ్, అంటే అరబీలో అనుమతి. అది ఒక యజమాని పేరు మీద ఉంటుంది. ఆ పేరును అమ్ముకునే దళారులూ ఉన్నారు. తస్రీహ్ కోసం నెలకు రెండు వేల షెకెళ్ల (ఇక్కడి డబ్బు) పైన కట్టేవాళ్లు చాలా మంది అని ఆయనే చెప్పాడు. నాకు ఆశ్చర్యం వేయలేదు. నేను ఇక్కడికి రావడానికి ఏజెంటుకు కట్టిన లక్షల అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. ఆ మాట చెబితే ఆయన నవ్వి, 'అయితే మనం చుట్టాలమే' అన్నాడు. హీబ్రూ మా ఇద్దరికీ అరకొరే. సిమెంటు, ఇసుక, నీటి వాటం లాంటి మాటలు మాత్రం ఇద్దరికీ బాగా వచ్చు.

అయినా ఆ క్యూలో ఎందుకు నిలబడేవారు? వెస్ట్ బ్యాంకులో దొరికే కూలికి ఇక్కడి కూలి రెండింతల పైమాటే. యుద్ధానికి ముందు లక్షన్నర మందికి పైగా అటు నుంచి వచ్చి పనిచేసేవారు, అందులో సగానికి పైగా కట్టుబడి పనిలోనే. గాజా నుంచి మరో పద్దెనిమిది వేల మందికి పైగా పర్మిట్లు ఉండేవి. టెల్ అవీవ్‌లో నిగనిగలాడే ఏ అంతస్తు చూసినా లోపలి నేల, గోడలు వాళ్ల చేతి పనే.

సబాకు దీని మీద ఒక సిద్ధాంతం ఉంది. కలిసి పనిచేసేవాళ్లు కొట్టుకోరు అంటాడు. ఆయన తరంలో చాలా మంది అలాగే నమ్మారు. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య ఓస్లో శాంతి ఒప్పందం కుదిరిన రోజుల్లో ఇజ్రాయెల్ నేత షిమోన్ పెరెస్ కొత్త మధ్యప్రాచ్యం గురించి కలలు పంచాడు, తర్వాత నెతన్యాహు ఆర్థిక శాంతి అన్నాడు, 2019లో బహ్రెయిన్‌లో అమెరికా 50 బిలియన్ డాలర్ల పథకం బల్ల మీద పెట్టింది. ఆ సమావేశానికి పాలస్తీనా ప్రభుత్వం వెళ్లనే లేదు. పెళ్లికూతురు లేకుండా కట్నకానుకల లెక్క వేసుకున్నట్టు.

అసలు తిరకాసు ఇజ్రాయెల్, పాలస్తీనా రాసుకున్న 1994 పారిస్ ఒప్పందంలోనే ఉంది. రెండు వైపులా ఒకటే సుంకాలు. పాలస్తీనాకు వెళ్లే దిగుమతుల మీద పన్ను ఇజ్రాయెల్ వసూలు చేసి, మూడు శాతం ఖర్చుల కింద పట్టుకుని, మిగతాది నెలనెలా పంపాలి. పాలస్తీనా ప్రభుత్వ రాబడిలో సగానికి పైగా ఆ డబ్బే. వాళ్ల జేబులో తిరిగే నోటు కూడా ఇజ్రాయెల్ షెకెలే. ఐదేళ్లకని రాసుకున్న కాగితం ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. మన ఉమ్మడి కుటుంబాల్లో సంపాదన అందరిదీ, బీరువా తాళం పెద్దన్న మొలతాడుకు ఉండేది గుర్తుందా? పెద్దన్నకు కోపం వచ్చిన నెల తమ్ముడి పొయ్యి వెలగదు. కోపం వచ్చినప్పుడల్లా ఆ బదిలీ ఆపడమో, కోతపెట్టడమో ఇక్కడ చాలాసార్లు జరిగింది.

సబా సిద్ధాంతం తప్పు అని నేను అనలేను. ఆ పెళ్లి ఫొటో అబద్ధం కాదు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు కనుక ఇంకో సంగతి కూడా కుతూహలంగా తెలుసుకున్నాను. మెల్లనాక్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీ వెస్ట్ బ్యాంకులోని రవాబీలోనూ గాజాలోనూ పాలస్తీనా ఇంజనీర్లను పెట్టుకుంది, వాళ్లకూ వాటాలు ఇచ్చింది. 2020లో అమెరికా చిప్‌ల కంపెనీ ఎన్విడియా దాన్ని కొన్నప్పుడు ఆ వాటాలకు విలువ వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి తెల్లవారుజామున క్యూ లేదు. అయితే ఆ రవాబీ కూడా, పాలస్తీనా వ్యాపారి బషర్ మస్రీ కొండ మీద కట్టించిన కొత్త ఊరు, ఇజ్రాయెల్ ఇవ్వాల్సిన నీటి గొట్టం అనుమతి కోసం ఏళ్లు ఎదురుచూసింది. ఫ్లాట్లు సిద్ధం, నీళ్లు లేవు. 2015లో గానీ జనం కాపురాలు పెట్టలేకపోయారు. కట్టుబడి పని తెలిసినవాడిని కనుక నాకు ఆ బాధ వెంటనే అర్థమైంది.

మళ్లీ స్నానాల గదికి వస్తాను. మేస్త్రీ మూడు గోడలకు టైల్స్ వేశాడు, నేల పరవడం మిగిలింది. యూదుల సుక్కోత్ పండుగ వచ్చింది, పండుగ కాగానే వస్తానని సంచి మా దగ్గర వదిలి వెళ్లాడు. తాపీ, రసమట్టం, రబ్బరు సుత్తి, టైల్స్ కోసే మిషను. ఎవరికీ అడ్డం లేకుండా దాన్ని మమాద్‌లో పెట్టాను. మమాద్ అంటే రాకెట్లు వచ్చినప్పుడు దాక్కునే మందపాటి కాంక్రీటు గది, కొత్త ఫ్లాట్లన్నిటిలో ఉంటుంది.

పండుగ చివరి రోజు అక్టోబరు 7. ఆ పొద్దున సైరన్ మోగినప్పుడు సబాను చక్రాల కుర్చీలో మమాద్‌లోకి తోసుకెళ్లాను. ఎదురుగా ఆ సంచి. గాజా నుంచి హమాస్ చేసిన దాడిలో ఆ ఒక్క రోజే దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మంది బందీలయ్యారు. తర్వాత గాజాలో చనిపోయినవారి లెక్క వేలు దాటి పదివేల్లోకి పోయింది. తస్రీహ్‌లన్నీ ఆగిపోయాయి. సబా మనవడిని సైన్యంలోకి పిలిచారు. మేస్త్రీని ఎలాగైనా రప్పించవచ్చా అని సబా నెల తర్వాత అడిగితే కూతురు ఒక్క మాటే అంది: 'నాన్నా, నీకు ఆయన మీద నమ్మకం ఉంది. నాకు ఇప్పుడు ఎవరి మీదా లేదు.' ఆమె కొడుకు సరిహద్దులో ఉన్నాడు. నేనేం మాట్లాడతాను?

గోడ అవతల, వెస్ట్ బ్యాంకులో, పదమూడు శాతం దరిదాపుల్లో ఉన్న నిరుద్యోగం మూడు నెలల్లో ముప్పై దాటింది. గోడ ఇవతల క్రేన్లు ఆగిపోయాయి. ఖాళీ చోట్లలోకి ఎవరొచ్చారో తెలుసు కదా, మనవాళ్లే. 2024 జనవరిలో హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో ఎంపికలు జరిగాయి, ఆ తర్వాత హైదరాబాదులోనూ జరిగి తొమ్మిది వందల మంది దాకా ఎంపికయ్యారు. నెలకు లక్షా ముప్పై ఏడు వేలు. మా ఊరి నుంచి రోజూ ఫోన్లే. 'అన్నా, యుద్ధం ఉందంట కదా, రావచ్చా?' అని ఒకడు, 'ఇంతకుముందు ఆ పని ఎవరు చేసేవారు, ఎందుకు మానేశారు?' అని మాత్రం ఒక్కడూ అడగలేదు. అడగాలని నేను అనుకోవడం కూడా అన్యాయమేమో. అప్పు ఉన్నవాడు ముందు జీతం అడుగుతాడు. నేను దుబాయి వెళ్లేటప్పుడు అదే అడిగాను.

అలా వచ్చినవాడే మా పక్క మండలం కుర్రాడు. టైల్స్ పనివాడు. శనివారం సెలవుకు అన్నం తినడానికి మా దగ్గరికి వస్తుంటాడు. ఏడాదిగా నేల లేకుండా తాళం పడి ఉన్న గదిని చూసి, 'ఇదెంత పని అన్నా, తిన్న అన్నానికి బదులు నేను వేసి పెడతాను' అన్నాడు. సబా చాలాసేపు ఆలోచించాడు. తర్వాత తన పాత ఫోను తెచ్చి మేస్త్రీకి వీడియో కాల్ కలపమన్నాడు.

ఆయన చిక్కిపోయాడు. ఆలివ్ తోటలో కూలికి పోతున్నానని, అదీ రోజూ దొరకడం లేదని చెప్పాడు. సంగతి చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోను కిందికి తిప్పి నేల చూపించమన్నాడు. పైపు మూల నుంచి తలుపు వైపు కాకుండా కిటికీ వైపు వాటం పెట్టానని, కింద తడి ఆగే పూత ఇప్పటికే వేశానని, రసమట్టం పెట్టి చూసుకోమని చెప్పాడు. ఆయన హీబ్రూలో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం, కుర్రాడు తల ఊపడం. మేస్త్రీ సంచిలోని రసమట్టమే తీశాం. బుడగ సరిగ్గా కిటికీకి ఎదురు వైపుకు, ఎత్తున్న వైపుకు జరిగింది. 'మంచి పనివాడు అన్నా' అన్నాడు మా కుర్రాడు. కుర్రాడు ఏమన్నాడని మేస్త్రీ ఫోనులోంచి అడిగాడు, చెప్పాను. ఆయన నవ్వలేదు. 'వాడికి రోజుకు ఎంత ఇస్తున్నారు?' అని అడిగాడు.

అంకె చెప్పాను. తనకు వచ్చినదానికి కాస్త తక్కువే అన్నాడు.

సాయంత్రానికి నేల పూర్తయింది. గ్రౌటింగ్ మాత్రం మరుసటి శనివారానికి మిగిలింది. పనిముట్లన్నీ కడిగి, తుడిచి, తీసిన వరుసలోనే సంచిలో సర్దమని సబా దగ్గరుండి చెప్పాడు. అమ్మేస్తే నాలుగు డబ్బులైనా పంపవచ్చు కదా అని కూతురు అడిగితే కసిరాడు. సంచిని మళ్లీ మమాద్‌లోనే పెట్టాను. ఆ రాత్రి సైరన్ మోగింది. సబా కుర్చీకీ తలుపుకీ మధ్య చోటు చాలక దాన్ని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల మిషను బరువుగా ఉంది.